ఎర్ర గిటారు, దాని పికప్‌లు, మా వదిన

కుట్టుమిషన్ల రిపేరు షాపు నడుపుతూ, వీధిలో అందరిచేతా రిపేరక్క అని పిలిపించుకుంటున్న నేను, బుద్ధి నా వశంలో ఉండగా, ఎవరూ వెనక నిలబడి పలికించకుండా, నా ఇష్టపూర్తిగా రాసిపెడుతున్న వీలునామా ఇది. వచ్చే వారం నా కుడి చెవికి ఆపరేషన్. భయపడవలసిందేమీ లేదని డాక్టరు గారు చెప్పారు. అయినా బల్ల తుడిచి, పనిముట్లు సర్దిపెట్టి బయలుదేరడం నాకు అలవాటు. ఇంతకు మునుపు వీలునామా ఏదీ రాయలేదు కనుక రద్దు చేయవలసినదీ లేదు. దీని అమలు బాధ్యత నా కూతురిది.

1. నేను ప్రస్తుతం నివసిస్తున్న ఇల్లు, సామానుతో సహా, సర్వహక్కులతో నా భర్తకు చెందవలెను. పనిబల్ల పక్కనున్న పేము కుర్చీని విడిగా పేర్కొంటున్నాను. నేను సోల్డరింగ్ చేస్తుంటే ఆయన అందులో కూర్చుని టార్చిలైటు పట్టుకునేవారు. నా గిటారుకు పికప్ మార్చిన ప్రతిసారీ విని, "ఇదే బాగుంది" అనేవారు. "నిన్నటిదీ బాగుందన్నారుగా" అంటే, "అదీ బాగుంది" అనేవారు. ఈయనకు సంగీతం పట్టదని చాలాకాలం విసుక్కున్నాను. వాయించేది నేను కాబట్టి ఆయనకు అన్నీ బాగున్నాయని ఈ మధ్యే తోచింది. కుర్చీ అల్లిక వదులైంది, బిగించుకోవాలి.

2. షాపు, అందులోని మిషన్లు, పాత ఖాతాదారులు, వాళ్ల గొణుగుడు, అన్నీ నాతో పనిచేస్తున్న మెకానిక్‌కు. ఏడో దఫాలో చెప్పిన మోటారు మినహా.

3. నా ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు మా వదినకు, అంటే మా అన్నయ్య భార్యకు, చెందవలెను. ఆమె తదనంతరం నా కూతురికి. కారణం రాయనక్కర్లేదని లాయరు గారు అన్నారు. "రాయకపోతే మా వదిన తీసుకోదండీ" అన్నాను. కనుక రాస్తున్నాను.

మా అన్నయ్య డ్రమ్ములు వాయించేవాడు. నేనూ వదినా గిటార్లు. హోటళ్లలో, ఆఫీసు వేడుకల్లో వాయించేవాళ్లం. ఆడపడుచుగా నేను ఒక మాట అంటే ఆమె రెండు అనేది. ఒకసారి క్యాసెట్ చేయడానికి స్టూడియోకు వెళ్లాం. రికార్డిస్టు వదినను పక్క గదిలో కూర్చోబెట్టి అన్ని పాటలూ వాయింపజేశాడు. సాయంత్రానికి, "రెండో గిటారు అవసరం లేదు, ఒకటి చాలు" అన్నాడు. అన్నయ్య సరేనన్నాడు. వదిన గిటారును సంచిలో పెట్టి జిప్పు లాగింది. ఇంటికెళ్లి బీరువా మీదికి ఎక్కించేసింది. క్యాసెట్ వచ్చాక వినమంటే, "నేను లేని పాట నాకెందుకు?" అంది. ఆ మాట మీదే ఉండిపోయింది.

నేను మాత్రం విన్నాను. అందులో ఒక పాటలో నా గిటారు నాదం నాకే కొత్తగా ఉంది. గొంతు కాస్త బొంగురుపోయిన మనిషి నవ్వుతూ మాట్లాడినట్టు, అంచున గరుకు, లోపల వెచ్చదనం. కొద్ది రోజులకే గిటారు పికప్ చెడిపోయింది. పికప్ అంటే తీగల కింద ఉండే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ చుట్ట. తీగల కదలికను పట్టి యాంప్లిఫయరుకు పంపేది అదే. లోపల రాగి తీగ ఎక్కడో తెగింది. కొత్తది వేశాను. ఆ నాదం రాలేదు. పాడైన పికప్‌తోనే అదీ పోయిందని నమ్మాను.

అక్కడి నుంచి మొదలైంది. ఒకటి వేస్తే గాజు మీద గీకినట్టు ఉండేది, మరొకటి దుప్పటి కప్పుకుని పాడినట్టు. జంట చుట్టలది బిగిస్తే రొద పోయింది, దానితోపాటు జీవమూ పోయింది. కొన్నవి నచ్చక, పాత కుట్టుమిషన్ మోటారుతో నేనే తీగ చుట్టడం నేర్చుకున్నాను. చుట్లు పెంచాను, తగ్గించాను, అయస్కాంతాలు మార్చాను, శబ్దం పెంచితే ఈల వేయకుండా కరిగిన మైనంలో ముంచాను. వదిన వచ్చినప్పుడల్లా బల్ల మీద విప్పి పడేసిన గిటారును చూసి, "ఇవాళ ఏ అవయవం తీశావమ్మా?" అనేది. అన్నయ్య పోయాక ఆ రాకపోకలూ పలచబడ్డాయి.

నా కూతురు సౌండ్ ఇంజనీరు. ఆ పాత స్టూడియో మూసేస్తూ టేపులన్నీ మా అమ్మాయి పనిచేసే చోటికి ఇచ్చేశారు. వాటిలో మాదీ దొరికింది. గత ఏడాది నన్ను పిలిచి, ఏ వాయిద్యానికి ఆ వాయిద్యం విడివిడిగా వినిపించింది. ముందు నా గిటారు ఒక్కటే పెట్టింది. సన్నగా, మామూలుగా ఉంది. "ఇది కాదే" అన్నాను. "ఉండమ్మా" అంటూ పక్క మీటను మెల్లగా పైకి తోసింది. మరో గిటారు, నేను పట్టిన స్వరమే పట్టుకుని, రవ్వంత ఆలస్యంగా నా వెనకే వచ్చింది. రెండూ కలిశాయి. నేను వెతుకుతున్న నాదం అదే.

అక్కర్లేదన్న గిటారును రికార్డిస్టు చెరిపేయలేదు. ఆ ఒక్క పాటలో అడుగున కలిపి ఉంచాడు. మాకెవరికీ చెప్పలేదు.

వెంటనే వదినకు ఫోన్ చేశాను. చేతి నిండా పనుందంటూనే వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా కదలకుండా వింది. తీసి ఒళ్లో పెట్టుకుని, "నాలుగో తీగ అప్పటికే తుప్పు పట్టింది. ఆ గరుకు దానిదే" అంది. నా వైపు తిరిగి, "అయితే ఇన్నేళ్లూ నన్ను తీసుకెళ్లి నీ గిటార్లో బిగించాలని చూశావన్నమాట" అంది. నవ్వుతోందనుకున్నాను. కళ్లు తుడుచుకుంటోంది. నా కూతురు పాటను మళ్లీ మొదటి నుంచి పెట్టింది.

ఇప్పుడు ఆదివారాలు మా ఇంట్లో ఇద్దరం వాయిస్తున్నాం. బీరువా మీద ఉండి ఉండి ఆమె గిటారు మెడ వంగిపోయింది, నాకు సరిచేయడం కుదరలేదు. అందుకని ఎర్రది ఆమె ఒళ్లో ఉంటుంది, నేను వేరేది పట్టుకుంటాను. ఇప్పటికే జరిగిపోయిన దాన్నే ఈ దఫా కాగితం మీద పెడుతోంది. వేళ్ల నొప్పులని వంక పెట్టి వదిన దీన్నీ బీరువా ఎక్కిస్తే మాత్రం నేను ఒప్పుకోను.

4. ఆ రికార్డిస్టు మీద నాకు కోపం ఉంది. ఒక్క ముక్క ఆనాడే చెప్పి ఉంటే మా వదిన వాయించడం మానేది కాదు. అతని చెవి గొప్పది, నోరే రాలేదు. ఈ కోపాన్ని ఎవరికీ రాసివ్వడం లేదు. నాతోనే పోతుంది.

5. బిస్కెట్ల డబ్బాలోని పికప్‌లన్నీ నా కూతురికి. ఏదీ పారేయదగ్గది కాదు, ఏ పాటకు ఏది పనికొస్తుందో దానికి తెలుసు. నా ఉన్ని శాలువా కూడా దానికే. నాకు కుడి చెవి మందగించిన నాటి నుంచి ఎక్కడికెళ్లినా నేను అడగకుండానే ఎడమ పక్కకు వచ్చి కూర్చుంటోంది.

6. బతికున్నంత కాలం ఈ వీలునామాను మార్చుకునే హక్కు నాకుంది. మారుస్తాననే అనుకుంటున్నాను.

7. తీగ చుట్టే మోటారు, మిగిలిన రాగి తీగ, అయస్కాంతాలు మా వీధి మీదుగా వెళ్లే బస్సులో కండక్టరుగా చేసే ఆవిడకు చెందవలెను. ఆవిడ నలభై దాటాక గిటారు మొదలుపెట్టింది. ఎవరో వాడిన గిటారు కొని షాపుకు తెచ్చి, "నా గొంతులాంటి శబ్దం కావాలండీ. పొద్దంతా టిక్కెట్ టిక్కెట్ అని అరిచి దిగాక ఉంటుందే, ఆ గొంతు" అంది. ఏం కావాలో ఇంత తేటగా నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ఆవిడ పికప్ సగం చుట్టి మోటారు మీదే ఉంది. ఆపరేషన్ నుంచి వచ్చాక రెండు చెవులతో విని పూర్తిచేస్తానని నా నమ్మకం. ఒకవేళ అలా జరగకపోతే నా కూతురు గానీ మెకానిక్ గానీ దాన్ని ముట్టుకోకూడదు. ఉన్నది ఉన్నట్టు ఆవిడకు అప్పగించాలి. వేళ్ల మధ్య తీగను తెగకుండా ఎంత బిగువుగా పట్టుకోవాలో నేర్పాను, చేయి కుదిరింది. చుట్టి, బిగించి, వాయించి చూసుకుని, చాలకపోతే మళ్లీ చుట్టుకుంటుంది. ఎక్కడ ఆపాలో ఆవిడే వినాలి.

పై దఫాలన్నీ నా కూతురు నా ఎడమ పక్కన కూర్చుని చదవగా విని, నేను చెప్పినట్టే ఉన్నాయని ఒప్పుకుని, దిగువ సాక్షుల ఎదుట సంతకం చేశాను.

తేదీ: జూన్ పద్దెనిమిది, బుధవారం

(సంతకం) రిపేరక్క

సాక్షులు:
(సంతకం) పక్క షాపు టైలరు
(సంతకం) పైవాటాలో ఉండే లెక్కల మాస్టారు