మహేశ్ పేరు మీద రొట్టెలు

ఆదివారం, రాత్రి

టైగర్ చెవికి కుట్లు పడ్డాయి.

నా కొడుకు మహేశ్ పోయినప్పటి నుంచి వాడి కుక్క టైగర్ సరిగా తినడం లేదు, వాకిలి వదలడం లేదు. నాలుగు కుక్కలతో ఆడితే తేరుకుంటుందని బిడ్డ సుజాత ఈరోజు మమ్మల్ని తాండూరు నుంచి వికారాబాద్‌లో కుక్కల పార్కుకు తీసుకుపోయింది. నిజమే, గొలుసు విప్పగానే టైగర్ పరుగెత్తింది. ఎన్నాళ్లకో తోక ఊపింది. చూసి ఏడ్చేశాను.

ఈరోజే మహేశ్ మాసికం కూడా. వాడి పేరు మీద కుక్కలకు పెడదామని జొన్నరొట్టెలు కొంగులో మూటకట్టుకుని పోయాను. ఒక ముక్క వేశానో లేదో, అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక పెద్ద కుక్క టైగర్ చెవి కరిచి పట్టింది.

టైగర్ను విడిపించిన ఆ పెద్ద కుక్క యజమాని కోపంగా, "గీడికి తిండి తెస్తరా పెద్దమ్మా? కొట్లాడుకోవా మరి?" అన్నాడు.

"నా కొడుకు పేరు మీద తెచ్చిన నాయనా."

ఆయన టైగర్‌ను ఎత్తుకుని తన కారులోనే పశువుల దవాఖానకు తీసుకుపోయాడు.

"ఇగ పార్కు వద్దు బిడ్డా. ఇది గూడ పోతే నేనెట్ల బతకాలె?" అన్నాను.

"రొట్టెలు వద్దు గని, పార్కేం జేసిందమ్మా?" అంది సుజాత.

ఇంటికొచ్చాక మూటలో మిగిలిన రొట్టె పెడితే టైగర్ మొత్తం తిన్నది. ఇందాక గొలుసు దాచేద్దామని మేకు మీంచి తీశాను. ఆ చప్పుడుకు టైగర్ కుట్ల చెవితోనే లేచి వచ్చి, తోక ఊపుతూ నా ముందు నిలబడింది.

గొలుసు మళ్లీ మేకుకే తగిలించాను.