విప్పి మళ్లీ అల్లిన మాట

నరసాపురం,
గురువారం

నా సుధకి,

ఫోన్లో చెబితే మధ్యలో నవ్వేస్తావని రాస్తున్నాను. ఇక్కడ లేసు అల్లే పన్నెండుమంది ఆడవాళ్లకి ఏడాదిగా ఇంగ్లీషు చెబుతున్నానని తెలుసుగా. ఏ క్రియ తర్వాత ఏ రూపం రావాలో బోర్డు మీద రాస్తాను, వాళ్లు సూది ఆపకుండా వల్లిస్తారు. మొన్న వీరవేణి అడిగింది: "మేడంగారూ, ఎంజాయ్ పక్కన ఎప్పుడూ ఇంగేనాండీ? వాంట్ పక్కన టూయేనా? అయితే మొగుడూపెళ్లాల్లాంటివేనండి, జంటలు మార్చకూడదు." అందరిలోకీ పెద్దావిడ సూరమ్మగారు, "మార్చినా పైకి చెప్పకూడదే," అన్నారు. ఆ పూట పాఠం సాగలేదు.

విదేశంలో ఉండి వీళ్ల లేసు కొనే ఆవిడ శనివారం వీడియో కాల్ చేస్తుంది. ఇన్నాళ్లూ మధ్యవర్తి మాట్లాడేవాడు. ఈసారి మనమే మాట్లాడదామని నన్ను ముందు కూర్చోబెడుతున్నారు. ఆర్డరు నా నోటి మీదే ఆధారపడింది. సుధా, నాకు నోరు రాదే! లెక్చరర్ ఉద్యోగం నేనే వద్దనుకున్నానని నీకు చెప్పాను చూడు, అది అబద్ధం. ఇంటర్వ్యూలో "లుకింగ్ ఫార్వర్డ్ టు టీచ్" అన్నాను. "టీచింగ్ అమ్మా, టీచింగ్! ఎం.ఏ. ఇంగ్లీషేనా?" అని ఒక పెద్దాయన నవ్వితే మిగతావాళ్లూ నవ్వారు. ఆ తర్వాత అడిగిన ఒక్క ప్రశ్నకీ జవాబు చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ ఇరవయ్యేళ్లుగా ఇంగ్లీషు రాస్తున్నానే గాని ఎవరితోనూ మాట్లాడింది లేదు. శనివారం జ్వరమని చెప్పేస్తాను. మెల్లిగా క్లాసూ మానేస్తాను. తప్పంటావా? తప్పేనేమో.

నీ చందన


నరసాపురం,
ఆదివారం

సుధా,

జ్వరమని కబురు పెట్టిన అరగంటకే సూరమ్మగారు మిరియాల కషాయంతో వచ్చారు. నా నుదురు తాకి, "ఒళ్లు చల్లగానే ఉందండి. భయమాండీ?" అన్నారు. కాదనలేకపోయాను. "మాకూ భయమేనండి. అందరం కలిసి భయపడదాం, రండి," అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు.

కొనుగోలుదారు తెర మీదకి వచ్చి పలకరించగానే నేను తల దించుకుని జవాబు కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. సూరమ్మగారే ఫోన్ తనవైపు తిప్పుకుని, "వుయ్ ఎంజాయ్ టు మేక్..." అని ఆగి, "నో నో. వెయిట్ అండి," అన్నారు. లేసులో తప్పు పడితే వీళ్లేం చేస్తారో నీకెప్పుడైనా చెప్పానా? ఉలిక్కిపడరు, సిగ్గుపడరు. కబుర్లు చెప్పుకుంటూనే దారం లాగి, తప్పు పడిన చోటిదాకా విప్పి, మళ్లీ అల్లుతారు, రోజుకి పదిసార్లు. అచ్చం అలాగే, "వుయ్ ఎంజాయ్ మేకింగ్ దిస్ లేస్," అన్నారావిడ. అవతలామె ఓపిగ్గా ఆగింది. అంతే. లోకం మునిగిపోలేదు.

నాకు మాట వచ్చింది. అంచు వెడల్పు, బల్లగుడ్డలెన్ని, ఎప్పటికి కావాలి, అన్నీ మాట్లాడాను. చివర్లో "వుయ్ లుక్ ఫార్వర్డ్ టు హియర్..." అనేశాను. చూశావా, ఆనాటి తప్పే! "నో నో. వెయిట్ అండి," అన్నాను. పన్నెండుమందీ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. విప్పి, "టు హియరింగ్ ఫ్రమ్ యూ" అని సరిగ్గా చెప్పాను. ఆర్డరు ఖాయమైంది.

క్లాసు మానడం లేదు. వచ్చే ఆదివారం నీకు ఫోన్ చేసి ఇంగ్లీషులోనే మాట్లాడతాను. నవ్వితే నవ్వుకో, ఫరవాలేదు. ఫోన్ మాత్రం పెట్టేయకు. విప్పుకోవడానికి ఒక్క క్షణం ఆగు, చాలు.

నీ చందన