ఇద్దరికీ ఒకే మూట

అత్తయ్యా,

పోయిన క్రిస్మస్‌కి అరటాకులో కట్టి ఉడికించిన కోడికూర మూటని సగం తిని మూసేశానని, "కంపాలా చదువు వెలగబెట్టింది కదా, మన వంట దాని నోటికి ఆనడం లేదు" అన్నావట. నాన్న చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నీ వంట నచ్చకపోవడమేమిటి? కడుపు నిండింది, అంతే. మనిషికొక మూట పెడతావు. అది అయ్యేలోపే కిగ్గుండు చిన్నాన్న, "ఇలా పుల్లలా ఉంటే నిన్నెవడు చేసుకుంటాడే" అంటూ ఇంకో మటోకే అరటికాయ ముద్ద వేయిస్తాడు. ఆ మాట పడలేక ఏటా గబగబా మింగి, సాయంత్రమంతా పొట్ట పట్టుకుని పడుకునేదాన్ని. పోయినేడు మొదటిసారి నెమ్మదిగా తిన్నాను. వేరుశెనగ పులుసులో, కాల్చిన కోడికుండే పొగవాసన ఎంత బావుంటుందో అప్పుడే తెలిసింది. నీతో చెబుదామని చూస్తే నువ్వు పొయ్యి దగ్గరే ఉన్నావు. ఏ పండగకీ నువ్వు మాతో చాప మీద కూర్చుని తినగా నేను చూడలేదు.

ఈసారి ముందురోజే వచ్చి, నీతో కూర్చుని ఆకులు సెగకు వాడుస్తాను. మనిద్దరికీ కలిపి ఒకటే మూట కడదాం. వడ్డన చిన్నాన్న చూసుకుంటాడు, ఆయనకీ ఉత్తరం రాశాను. రెండోసారి ఎవరు వడ్డించినా తీసుకోను. నువ్వు వచ్చి నా పక్కన కూర్చునేదాకా మూట విప్పను.

నీ మేనకోడలు