తరవాణి కుండ కడిగిన వారం

మే 6, మంగళవారం

కుండ కడిగేశాను.

అత్త ఆసుపత్రిలో చేరి ఇవాళ్టికి నాలుగో రోజు. జ్వరం తగ్గింది, నీరసం తగ్గలేదు. ఇల్లంతా బోసి. ఏమీ తోచక పొద్దున్నే వంటింటి మీద పడ్డాను — గట్టు, డబ్బాలు, పప్పుల సీసాలు... ఆఖరికి మూలనున్న అత్త తరవాణి కుండ. ఉగాదికి మల్కాపురం ఇల్లు ఖాళీ చేసి మా ఫ్లాటుకి వచ్చేసినప్పుడు ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న కుండ. రోజూ తనే గంజి పోసి పులియబెడుతుంది, మిగిలిన అన్నం అందులో నానేస్తుంది, పొద్దున్నే తీసుకుని తింటుంది. నన్ను ముట్టుకోవద్దని అనలేదు. నేనే దగ్గరికి పోలేదు, ఆ పులుపు వాసన నాకు పడదు. మాది గోదావరి వైపు. చద్దన్నమంటే మాకు పెరుగుతోనే.

మూత తీస్తే పైన తెల్లటి తెట్టు. పాడైపోయిందనుకున్నాను. నీళ్ళు సింకులో పారబోసి, సబ్బు పెట్టి, కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది తోమి, బాల్కనీలో బోర్లించాను. ఎంత బాగుందో! ఎర్రగా, కొత్తదానిలా. దాన్నే చూస్తూ నేల మీద కూర్చుని గోడకి చేరబడ్డాను. పోర్టు వైపు నుంచి ఓడ కూత. ఎండ, గాలి, మళ్ళీ కూత... కళ్ళు మూతలు పడ్డాయి.

ఈయన పొద్దుటి షిఫ్టు దిగి వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నాను.

"ఏటి సేసినావ్?"

"కడిగాను."

"నీల్లో?"

"పారబోశాను."

చెప్పులతోనే కుర్చీలో కూలబడ్డారు. "కడుగుతారేటే ఎవులైనా! అడుగున నీల్లు ఒగ్గీయాల, పైన గంజి పోసుకుంతూ పోవాల. అంతే గానీ..."

అత్త కాపరానికి వచ్చినప్పుడు వాళ్ళమ్మ చెంబుతో ఇచ్చి పంపిన నీళ్ళట. అప్పట్నుంచి ఒక్కరోజైనా ఆ కుండ ఎండలేదట.

ఇవాళ ఎండింది.

మే 7, బుధవారం

ఆసుపత్రిలో ఇడ్లీ ముందు పెడితే అత్త ఒక ముక్క తుంచి, దాన్నే మూడు ముక్కలు చేసి, మూడూ వదిలేసింది. డాక్టరు నా మీద విసుక్కున్నాడు — తినకపోతే బలమెలా వస్తుంది, మళ్ళీ సెలైన్లేనా? నోటికి ఏది సహిస్తే అది పెట్టండన్నాడు. తరవాణి పెట్టొచ్చా అని అడిగాను. నవ్వాడు. మజ్జిగలాంటిదే కదా, పెట్టండి.

"ఇన్నావా?" అంది అత్త. ఎన్నాళ్ళకో మొహంలో కళ. "శెనివారం ఇంటికెల్తాం గదా. ఆదోరం పొద్దున్న తరవాని అన్నం తింతాను. అప్పుడు సూడు నన్ను. కుండకి గంజి పోస్తన్నావా గుంటా?"

"పోస్తున్నాను."

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం.

సాయంత్రం ఇంటికి పోబుద్ధి కాలేదు. ఈయనా నేనూ బీచికి వెళ్ళాం. రెండేళ్ళయిందేమో అలా వెళ్ళి. మరమరాల మురీ మిక్చర్ కట్టించుకున్నాం. నిమ్మకాయ పిండినప్పుడు ఆ వాసన, కింద తడి ఇసుక, దూరంగా లంగరేసిన ఓడలు కదులుతున్నాయో లేదో తెలియకుండా... పొట్లం అయిపోయినా కాగితం పట్టుకునే కూర్చున్నాను. ఆకలి ఇంకా ఉంది. ఇంకోటి కట్టించారు. మాట్లాడకుండా అదీ తినేశాను. సిగ్గు లేదు నాకు.

అప్పుడు చెప్పారు. వాళ్ళమ్మమ్మ రెండు చెంబులు ఇచ్చిందట. ఒకటి అత్తకి. ఒకటి ఎలమంచిలిలో ఉన్న చెల్లెలికి. అవే నీళ్ళు.

"ఇంకేం, తెచ్చుకుందాం!"

"పిన్ని పేరెత్తితే అమ్మ లేచెల్లిపోద్ది. తెల్దా నీకు?"

తెలుసు. మామయ్య పెద్దకర్మ రోజు పంక్తిలో అందరూ వింటుండగా చిన్నత్త "అప్పా, పులుసులో ఉప్పు నేదు" అంది. అంతే. అంతకు మించి ఒక్క మాట లేదు. అత్త వడ్డిస్తున్న గరిటె కింద పెట్టి లోపలికి పోయింది. తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.

మే 8, గురువారం

కడిగిన కుండలోనే గంజి పోసి చూశాను. కాసేపటికి నురగ. సబ్బు వాసన. కుండ సబ్బు తాగేసింది. నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం కునుకులో కల. కుండలో చెయ్యి పెడుతున్నాను, అడుగు తగలదు. మోచెయ్యి దాకా, భుజం దాకా... నీళ్ళు చల్లగా, ఎంత హాయిగా ఉన్నాయో. చెంప కుండ అంచుకి ఆనించి అలాగే ఉండిపోయాను. లేచేసరికి నేను తల ఆనించిన కిటికీ గట్టు మీద పోర్టు బొగ్గు నల్లటి దుమ్ము, నా చెంప మీదా అదే. తుడుచుకోబుద్ధి కాలేదు.

ఎలమంచిలి వెళ్తాను. ఈయనతో చెప్పాను. "ఎల్లు," అన్నారు. "నాను పంపినానని సెప్పకు." మగాడి ధైర్యం!

మే 9, శుక్రవారం

దువ్వాడలో ప్యాసింజరు ఎక్కాను. ఎదురు సీటావిడ తాటి ముంజలు ఒలుచుకుంటూ రెండు నా చేతిలో పెట్టింది. ఎవరు, ఎక్కడికి అని అడగలేదు. గోరుతో పొడిస్తే తీపి నీళ్ళు మణికట్టు మీదుగా కారాయి. కిటికీలో జీడిమామిడి తోటలు, ఎర్రమట్టి, మళ్ళీ తోటలు. దిగకుండా ఇలాగే పోతే బాగుండుననిపించింది. దిగి ఏం చెప్పాలో తెలియదు కదా.

చిన్నత్త గుమ్మంలో కూర్చుని ఎండు నెత్తళ్ళ చేపల తలలు తుంచుతోంది. నన్ను చూసి చేతులు ఆగాయి.

"అప్పకి ఏటైనా అయిపోనాదేటి?"

"లేదు, లేదు. బాగానే ఉంది." కూర్చుని మొత్తం చెప్పాను. ఆసుపత్రి. ఇడ్లీ ముక్కలు. కుండ.

"సబ్బెట్టి తోమీసినావా! ఓలమ్మ ఓలమ్మ!" పడీ పడీ నవ్వింది. నవ్వీ నవ్వీ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. ఎంతసేపటికీ తీయలేదు.

తరవాత కంచం పెట్టింది. తరవాణిలో నానిన అన్నం, పచ్చి ఉల్లిపాయ, వేయించిన నెత్తళ్ళు. వద్దనడానికి మొహం చెల్లలేదు. ముక్కు బిగబట్టి మొదటి ముద్ద... పులుపు, చల్లదనం, వెనకాల ఏదో ఆకు వాసన. రెండో ముద్దకి ముక్కు వదిలేశాను. పెరట్లో దబ్బచెట్టు, దాని ఆకులు వేస్తుందట కుండలో. అత్త వేసేది వాము. నాలుగో ముద్ద దగ్గర ఒంట్లోని ఎండంతా దిగిపోయింది. అయ్యో, ఇన్నాళ్ళూ వాసన అనుకున్నది ఇదా! ఎంత తెలివితక్కువదాన్ని.

సబ్బు తాగిన కుండ పనికిరాదని తన పాత కుండ ఒకటి తీసి, తన తరవాణి నీళ్ళు అందులోకి వంచి, గుడ్డతో మూతి కట్టి ఇచ్చింది. నెత్తళ్ళు పొట్లం కట్టింది. "నానిచ్చినానని సెప్పకు. సెప్తే ముట్టదు అది. నా తోడే, ఒట్టు."

"చెప్పను."

వీధి చివరి దాకా వచ్చింది. మోకాళ్ళ నొప్పులు, పాపం, గోడలు పట్టుకుంటూ. ఆటో ఎక్కుతుంటే అంది — "ఆ పులుసులో ఉప్పు నిజంగానే నేదు గుంటా. అయినా ఆ రోజు అనకూడదు. మొగుడు పోయిన మనిషికి ఉప్పు గురుతుంటాదా?"

తిరుగు బండిలో ఒళ్ళో కుండ. కుదుపు కుదుపుకీ లోపల నీళ్ళ చప్పుడు. రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఎవరూ ఏమిటని అడగలేదు.

మే 10, శనివారం

అత్త ఇంటికొచ్చింది. నేరుగా వంటింట్లోకి. మూలన కుండ చూసింది. మసిబట్టిన పాత కుండే కదా, తేడా తెలియలేదనుకుంటాను. దబ్బాకులు అన్నీ ఏరి పారేశాను. వాము వేశాను. సాయంత్రం అన్నం వండి, చల్లార్చి అందులో వేశాను.

మే 11, ఆదివారం

తింది!

పీట మీద కూర్చుని, కంచం ఒళ్ళోకి లాక్కుని. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. కళ్ళు మూసుకుంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను, ఈయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. రెండో ముద్ద. మూడో ముద్ద. ఉల్లిపాయ కొరికిన చప్పుడు. ఆఖరికి కంచం ఎత్తి నీళ్ళన్నీ తాగేసింది. మూతి తుడుచుకుంది.

"దబ్బాకు ఏసినావా?"

"...వేశాను."

"మనింట్లో దబ్బాకు ఎక్కడిదే?"

పేపరు వెనక ఈయన ఊపిరి కూడా పీల్చడం లేదు. నేను కంచం తీసుకుందామని వంగాను. వదల్లేదు. ఖాళీ కంచం పట్టుకుని అలాగే కూర్చుంది. ఇప్పుడు అరుస్తుందనుకున్నాను. కక్కేస్తుందేమో అని కూడా భయపడ్డాను.

"దాని మోకాల్లు ఎలాగున్నాయి?"

చెప్పనని మాటిచ్చాను. నోరు తెరవలేదు. కళ్ళల్లో నీళ్ళు మాత్రం ఆగలేదు, వాటికి నేనేం మాటివ్వలేదుగా.

రోజంతా అత్త మంచం మీదే, కిటికీ వైపు తిరిగి. నిద్రపోలేదు. సాయంత్రం తనే లేచి, గోడ పట్టుకుని వెళ్ళి, కుండలో గంజి పోసుకుంది.

మే 12, సోమవారం

మళ్ళీ తింది. అడిగి మరీ కొంచెం వేయించుకుంది. నేనూ ఒక గిన్నెలో వేసుకుని పక్కన కూర్చున్నాను. నన్ను చూసి "ఓలప్పా!" అని నవ్వింది. బాల్కనీలోంచి గాలి. తినడం ఇంత నెమ్మదిగా కూడా ఉంటుందా అనిపించింది.

చెయ్యి కడుక్కుని, "ఫోను కలుపు," అంది.

"ఎవరికి?"

"తెల్దేటి నీకు?"

కలిపాను. మోగుతోంది. అత్త చెవికి గట్టిగా అదుముకుంది, కొంగు సర్దుకుంది, ఎదురుగా మనిషి ఉన్నట్టు. అటు నుంచి గొంతు నాక్కూడా వినిపిస్తోంది — "ఎవులూ? ...ఎవులు మాటాడతన్నారు?"

అత్త పెదాలు కదిలాయి. మాట రాలేదు. అటు చిన్నత్త ఫోను పెట్టేయలేదు. ఇద్దరి ఊపిరీ తెలుస్తోంది.

అత్త ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి నా వైపు చూసింది. చిన్నపిల్ల మొహం.

"ఏటనాలే?"