అవ్వ బొంతలో ఎవరు యాడ

పెనుకొండ

మేడం గారికి నమస్కారం.

మా అవ్వ కుట్టిన పాత బొంతను మ్యూజియానికి తీసుకుపోయి, దాని డిజైను ‘ఉదయించే సూర్యుడు’ అని జాబు రాసినారు కదా. చదివి వినిపిస్తే అవ్వ పడీపడీ నవ్వింది. సూర్యుడూ లేదు, పాడూ లేదు మేడం. తనకు నచ్చినోళ్ల గుడ్డలు తల పక్క, నచ్చనోళ్లవి కాళ్ల పక్క కుట్టుకునింది, అంతే. తల పక్క ధర్మవరం పట్టుముక్క హిందూపురం చిన్నమ్మది. కాళ్ల పక్క పంచె మా తాతది. మా అమ్మ చీరముక్క నేను పుట్టినంకనే కాళ్ల పక్కనుంచి నడుమకొచ్చింది.

చలి మొదలైంది, బొంత తొందరగా పంపించండి. మీరు మా ఇంట్లో మర్చిపోయిన చున్నీని ముందర పెట్టుకొని అవ్వ కత్తెర వెతుకుతాండాది. యాడ కుట్టల్లనేది మీ చేతిలోనే ఉండాదంట.

ఇట్లు,
ప్రస్తుతానికి తల పక్కనుండే మనవరాలు