నాలుగో వస్తువు

ఉలేము నాన్నగారికి,

మీ భార్య నమస్కరించి రాయునది. ఇక్కడ మేము ముగ్గురం కులాసా. జొహానెస్‌బర్గ్ చలికి మీ మోకాలు ఎలా ఉందో రాయండి. మొక్కజొన్న ఒలిచి ఎండబెట్టాను. చిన్నది తకోండ్వాకు దగ్గు తగ్గింది.

ఉలేము నిర్లక్ష్యం మానకపోతే బడి మాన్పించెయ్యమన్నారు. దానికి జవాబు కొంచెం పెద్దది.

మంగళవారం పెద్దాసుపత్రి నుంచి ఎంసోసా అనే ఆమె బడికి వచ్చింది. పిల్లలు ఒక్కసారి విన్నవీ చూసినవీ ఎన్ని మనసులో పట్టి ఉంచగలరో ఏటేటా కొలుస్తారట. వయసుతో ఆ సంఖ్య పెరగాలట. మూడేళ్లప్పుడు మలేరియా మెదడుకెక్కిన పిల్ల గనుక ఉలేమును ముందు పిలిచారు. నన్నూ పక్కన కూర్చోమన్నారు.

మొదట అంకెలు. ఆమె చదివినవాటిలో ఉలేము మూడు అప్పజెప్పి ఆగిపోయింది.

"మన భాషలో ఏడంటే 'అయిదూ రెండూ' కదమ్మా. అవి రెండంకెలనుకుందేమో," అన్నాను.

"లాయర్ని వెంటబెట్టుకొచ్చావా తల్లీ," అని ఆమె ఉలేమును చూసి నవ్వి, చెక్కదిమ్మెలు తీసింది. "సరే, వీటికి భాష లేదు."

ఆమె తట్టిన వరుసలోనే పిల్లలు తట్టాలి. ఎనిమిదేళ్ల తకోండ్వా అయిదు తట్టింది. పదకొండేళ్ల ఉలేము మూడు తట్టి, నాలుగోదాని దగ్గర ఆగి, కళ్లు మూసుకుని అరచెయ్యి చాపింది.

"ఏంటి తల్లీ?"

"కొట్టండి."

నా పుస్తకం ఆమెకిచ్చాను. ఉలేమును దుకాణానికి పంపినప్పుడల్లా చెప్పినవీ, తెచ్చినవీ నాలుగేళ్లుగా తేదీలతో రాస్తున్నాను కదా.

"మొదటి మూడూ ఎప్పుడూ తెచ్చిందమ్మా," అందామె పేజీలు తిప్పుతూ. "నాకంటే ముందే మీరు కొలిచేశారు. పెరుగుతుంది గానీ నెమ్మదిగా. అందాకా మూడే చెప్పండి. ఈ చుక్కలేంటి?"

"లెక్క కోసం," అన్నాను.

ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. కసిరానని మాత్రమే మీకు రాసేదాన్ని. ఒక్కో చుక్కా న్సిమా సంకటి కలిపే తెడ్డుతో ఒక్కో దెబ్బ. కావాలనే మరుస్తోందనుకున్నాను. ఇంటికొచ్చి చుక్కలన్నీ లెక్కపెట్టాను. మూడు వందల పన్నెండు. అంత పద్ధతిగా రాసుకున్నదాన్ని, ఒక్కసారీ చదవలేదు.

బడి మాన్పించను.

నిన్న ఉప్పు, సబ్బు, అగ్గిపెట్టె అని మూడే చెప్పాను. నాలుగోదాని కోసం గుమ్మంలో నిలబడింది. ఇంకేమీ లేదన్నాను. వెళ్లి మూడూ తెచ్చింది. వరుసగా నేలమీద పెట్టి, నా ముందుకొచ్చి చెయ్యి చాపింది.

ఇట్లు,
ఉలేము అమ్మ