సత్ప్రవర్తన ఎవరిది?

జమ్మలమడుగు

పార్లమెంటు సంఘంలో సభ్యులైన మా ఎంపీ గారికి,

ఖైదీల ముందస్తు విడుదలపై జనం అభిప్రాయాలు రాయమన్నారని పేపర్లో చదివాను. నా భర్త జనార్దనాన్ని నరికిన ఓబులేసును సత్ప్రవర్తన కింద మొన్న వదిలేశారు. జైల్లో గులాబీలు పెంచాడట! ఊరంతా టపాసులు కాల్చారు. స్వాగతం ఫ్లెక్సీలో మీ ఫోటో కూడా చక్కగా పడింది.

మా వాకిట్లో నిలబడి, "శానా మారిపోయినానక్కా, జైల్లో నన్నెవురూ వేలెత్తి చూపల్యా" అన్నాడు. ఎవరు చూపుతారు? పాత కేసులో సాక్షిగా కోర్టులో వాణ్ణి వేలెత్తి చూపినందుకే కదా మా ఆయన ప్రాణం పోయింది.

అసలైన సత్ప్రవర్తన చూడాలంటే మా బజారుకు రండి. తండ్రిని చంపినవాడు మీసం దువ్వుతూ రోజూ ఎదురొస్తుంటే, మా అబ్బాయి విష్ణువర్ధన్ తల వంచుకొని పోతున్నాడు. మావాడికి విడుదల ఎప్పుడో కూడా మీ నివేదికలో రాయండి.

ఇట్లు,
జనార్దనం భార్య